కోనసీమ స్త్రీనామాలు: రూపభేదాలు, గౌరవ స్థాయులు

1. ఉపోద్ఘాతం

పేరు గౌరవానికి గుర్తు అన్న సంగతి కోనసీమకు కొత్త కాదు. 2022లో జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై అమలాపురంలో చెలరేగిన హింస ఆ ముడి ఎంత బిగువైనదో చూపింది. అయితే అదే సీమలో ప్రతిరోజూ నోట పలికే స్త్రీల పేర్లలోనూ గౌరవాగౌరవాల లెక్క ఒకటి నడుస్తుంది. వెంకటలక్ష్మి, వెంకాయమ్మ, వెంకమ్మ, వెంకి ఒకే మూలం నుంచి వచ్చిన రూపాలు. వీటిని ముద్దుపేర్లుగానో, పలకడంలో సౌలభ్యం కోసం ఏర్పడిన కుదింపులుగానో భావించడం పరిపాటి. ఈ రూపభేదాలు గౌరవ స్థాయిని కూడా తెలుపుతాయని, ఆ దృష్టి లేనిదే సాహిత్యంలోని స్త్రీపాత్రల పేర్లు పూర్తిగా అర్థం కావని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నామ నిర్మాణం

ఈ పేర్ల మూలాలు ఎక్కువగా దైవనామాలే. కొత్తపేట ప్రాంతంలో వాడపల్లి వేంకటేశ్వరుడు, రాజోలు ప్రాంతంలో అంతర్వేది లక్ష్మీనరసింహుడు కొలువై ఉన్నారు. వెంకాయమ్మ, నరసమ్మ వంటి పేర్లకు ఆ దైవనామాలే ఆధారం. ద్రాక్షారామ దేవేరి పేరైన మాణిక్యాంబ మాణిక్యమ్మగా, మాణిక్యంగా కూడా మారుతుంది. మూలానికి ‘అమ్మ’, ‘ఆయమ్మ’, ‘అంబ’ చేరితే పేరు పెద్దరికాన్ని పొందుతుంది. వాటిని తొలగించి ‘ఇ’కారాంతం చేస్తే సుబ్బలక్ష్మి సుబ్బి అవుతుంది, లక్ష్మి లచ్చి అవుతుంది. మొదటిది పెంపు, రెండవది కుదింపు.

3. ఇటాలియన్ నామాలతో పోలిక

ఇటలీలోనూ ఒకే స్త్రీనామానికి అనేక రూపాలున్నాయి. మరియా నుంచి మరియెల్లా, మరియెత్తా. తెరేజా నుంచి తెరెజీనా. జొవాన్నా నుంచి జాన్నా, వాన్నా ఏర్పడ్డాయి. అక్కడి ఎల్లా, ఎత్తా, ఇనా ప్రత్యయాలు అల్పార్థకాలు. పేరును చిన్నది చేసి ప్రేమను సూచిస్తాయి. తెలుగులో ‘అమ్మ’ పని ఇందుకు విరుద్ధం. క్రైస్తవంతో గోదావరి డెల్టాకు చేరిన మరియ ఇక్కడ మరియమ్మ అయింది. ఎస్తేరు ఎస్తేరమ్మగా, మార్త మార్తమ్మగా స్థిరపడ్డాయి. ఒకే మూలనామాన్ని అక్కడ బిడ్డను చేసి దగ్గరకు తీసుకున్నారు, ఇక్కడ తల్లిని చేసి ఎదుట నిలిపారు. రైతు పొలంలో పొట్టిపేరుతో పిలిపించుకున్న కూలిస్త్రీకి ప్రార్థనామందిరంలో నిండుపేరు దక్కడం చిన్న విషయం కాదు.

4. సాహిత్య నిదర్శనాలు

ఈ లెక్క కోనసీమకే పరిమితం కాదు. విజయనగర ప్రాంత జీవితాన్ని చిత్రించిన గురజాడ ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్ల ఇంట తల్లి వెంకమ్మ, వితంతువైన పెద్దకూతురు బుచ్చమ్మ, పెళ్ళిబేరానికి గురైన చిన్నకూతురు సుబ్బి. సుబ్బి పేరుకు ‘అమ్మ’ లేకపోవడానికి పసితనం కారణం కావచ్చు. కాని ఆ పసిపిల్లకే ఇల్లాలి బరువు మోపబూనిన వైపరీత్యం ఆ పొట్టిపేరులోనే వినిపిస్తుంది. బుచ్చమ్మా పడుచుపిల్లే, ఆమె పేరులోని ‘అమ్మ’ వయసుకు మించిన పెద్దరికం. ‘అమ్మ’ అన్నివేళలా వరమే కాదని ఈ జంట హెచ్చరిస్తుంది.

నండూరి సుబ్బారావు ‘యెంకి’ మరింత జటిలం. పదాది ‘వె’ జానపదుల నోట ‘యె’ కావడంతో వెంకి యెంకి అయింది. విమర్శకులు ఈ పేరులోని లాలిత్యాన్ని మెచ్చుకున్నారు, అది న్యాయమే. కాని ఆమె ప్రియుడు నాయుడుబావ. అతని పిలుపులో కులగౌరవం, వరస రెండూ ఉన్నాయి; ఆమె పిలుపులో రెండూ లేవు. ప్రేమ ఇద్దరిదీ అయినా పేర్లు సమానం కావు. ‘యెంకి’ ముద్దుపేరు కాదని దీని అర్థం కాదు. ప్రియుడు పిలిస్తే ముద్దయ్యే రూపమే యజమాని పిలిస్తే తక్కువతనం అవుతుంది. కనుక రూపాన్ని బట్టి కాక, పిలిచేవారిని బట్టి, వారిని తిరిగి ఏమని పిలవవచ్చునన్న దాన్ని బట్టి అర్థనిర్ణయం చేయాలి.

5. ముగింపు

మాటమాటకూ ‘అండి’, ‘ఆయ్’ చేర్చే మర్యాదకు కోనసీమ ప్రసిద్ధి. ఆ మర్యాద అందరికీ సమంగా అందిందా అన్న ప్రశ్నకు స్త్రీల పేర్ల రూపాలు ఒక కొలమానం. నేటి శ్రావణి, హర్షిత వంటి పేర్లలో ‘అమ్మ’ లేదు; కనుక దాన్ని తీసివేసి తక్కువ చేయడమూ సాధ్యం కాదు. పాత రూపాలు మాత్రం వాడుక నుంచి తొలగుతున్నాయి. జానపద గేయాలను, కథలను సేకరించేవారు ‘లచ్చి’ని ‘లక్ష్మి’గా సంస్కరించరాదు. ఏ రూపం వినిపించిందో, ఎవరు ఎవరిని అలా పిలిచారో రెండూ నమోదు చేయాలి. సంస్కరించిన పేరు చూడటానికి గౌరవంగా ఉంటుంది. కాని ఆ స్త్రీకి దక్కని గౌరవానికి మిగిలిన సాక్ష్యాన్ని అది చెరిపివేస్తుంది.