వంగినవాడికే దక్కే ఆట

దేవరాట్టంలో పాట లేదు. కథా లేదు. తెల్లపంచె కాసెపోసి కట్టిన మగవాళ్ళు వరసగా నిలబడతారు. తలకి పాగా, కాళ్ళకి గజ్జెలు, చేతికొకటి చొప్పున రెండు రుమాళ్ళు. ఎదురుగా దేవదుందుభి మేళం. సరంజామా అంతే. ఇంత తక్కువ సరంజామాతో ఊరి జనాన్ని అర్ధరాత్రి దాకా కదలనివ్వని ఆట దక్షిణాదిలో ఇంకోటుంటే చూపించమని స్నేహితులతో పందెం వేస్తుంటాను. ఇంతవరకు ఓడిపోలేదు. తీర్పు చెప్పేదీ నేనే కాబట్టి ఇకముందు ఓడిపోయే ప్రమాదమూ లేదు.

ఈ ఆట రాజకంబళత్తు నాయకులది. మదురై, దిండిగల్లు, తేని, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల్లోనూ, పడమట కోయంబత్తూరు, ఉడుమలపేట పల్లెల్లోనూ వీళ్ళ ఊళ్ళున్నాయి. బడిలో తమిళం, సంతలో తమిళం, ఇంట్లో తెలుగు. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ వీళ్ళవాడే. 1799 అక్టోబరు 16న కయత్తారులో కుంఫిణీవాళ్ళు ఆయన్ని ఉరితీశారు. 1959 సినిమాలో శివాజీ గణేశన్ ఆ వేషం కట్టాక తమిళనాట ఆయన పేరు వినని పసివాడు లేడు. ఆయన తెలుగింటి బిడ్డ అని మన వైపు ఎరిగినవాళ్ళే తక్కువ.

వీళ్ళలో తొమ్మిది కంబళాలు, అంటే శాఖలు; ఇలవేల్పు జక్కమ్మ. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పగ్గాలు పట్టాక 72 పాళెయాలు ఏర్పడ్డాయనీ, వాటిలో చాలా పాళెయాలు తెలుగు నాయకుల చేతిలో ఉండేవనీ చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఎలా వచ్చారయ్యా అని ఊళ్ళో పెద్దల్ని అడిగితే మాత్రం వేరే కథ వినిపిస్తుంది. దారికి అడ్డంగా ఏరు పొంగుతుంటే రెండు గట్ల మీది కానుగ చెట్లు ఒకదానివైపు ఒకటి వంగి వంతెనగా మారాయట. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథంలోనూ ఈ కథ ఉంది. కానుగ చెట్టంటే వీళ్ళకి అంత భక్తి అందుకే. చెట్టు వంగితే బతికిన కులం ఆడే ఆట గదా, అందులో వంగనివాడికి చోటులేకపోవడం నాకు న్యాయంగానే తోస్తుంది.

ఆట పుట్టుక గురించి రెండు పక్షాలున్నాయి. పూర్వపు తమిళ రాజులు గెలిచి వస్తుంటే రథం ముందూ వెనకా ఆడిన మున్‌తేర్ కురవై, పిన్‌తేర్ కురవైలకి ఇది వారసత్వమని తమిళ పండితులు కొందరంటారు. దేవతలు ఆడిన ఆట, దుందుభి కూడా దేవలోకం నుంచి దిగిందేనని కంబళత్తు పెద్దలంటారు. నాది పెద్దల పక్షం. రుజువు అడక్కండి. ఆట ఎదురుగా ఉండగా పుట్టుపూర్వోత్తరాల కోసం చూపు తిప్పుకోవడం నాకు చేతకాదు.

దీని ప్రాణమంతా మోకాల్లో ఉంది. ముందు మేళానికి మొక్కుతారు. తర్వాత వరస కడతారు. ముందు నిలబడ్డవాడు పెద్ద ఆటగాడు, అడుగు ఆయనది, మిగతావాళ్ళు అందుకోవాలి. మొదటి అడుగులు చూస్తే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కుడికాలు ముందుకు పడుతుంది, ఎడమకాలు దాన్ని కలుసుకుంటుంది, రుమాళ్ళు ఇటోసారి అటోసారి ఊగుతాయి. నాలుగు ఆవృతాలు గడిచేసరికి ఆ అడుగులోకే ఒక వంపు వచ్చి చేరుతుంది. ముందు మోకాలు ముడుచుకుంటుంది, నడుం దానిమీదికి ఒరుగుతుంది, రుమాలు కొసలు నేలని తాకీతాకనట్టు తుడుచుకుంటూ పోతాయి. అక్కడినుంచి లేవాలి. లేస్తూనే తిరగాలి. తిరిగిన కాలు నేల మీద పడేచోట మేళం దెబ్బ పడి ఉండాలి. దెబ్బకి ముందు పడితే తొందరగాడు, తర్వాత పడితే మొద్దు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు ఎంత సన్ననిదో, వరసలో నిలబడి తప్పినవాడికి తెలుస్తుంది.

అడుగులు ఎన్ని అంటే ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క చెబుతారు. లెక్కతో నాకు పనిలేదు. ఒక అడుగులోంచి ఇంకో అడుగులోకి మారే చోటుంది చూశారూ, విద్వత్తంతా అక్కడ. ‘మారండి’ అని ఎవరూ అరవరు. మేళగాడు ఒక విరుపు విరుస్తాడు, ముందువాడి రుమాలు ఒక్క లిప్త ఎత్తుగా లేస్తుంది, వరస మొత్తం కొత్త అడుగులోకి జారుకుంటుంది. గీతలా ఉన్న వరస చుట్టుగా మారుతుంది, చుట్టు విడిపోయి ఎదురెదురు వరసలవుతుంది. జోరు పెరిగేకొద్దీ వంపు లోతవుతుంది. మామూలు ఆటగాడు జోరులో నిటారైపోతాడు, ఎందుకంటే వంగి పరుగెత్తడం తొడల్ని మండిస్తుంది. ఉద్దండుడు జోరులోనే ఇంకా కిందికి దిగుతాడు. మదురై వైపు ఒక పెళ్ళిలో డెబ్బై దాటిన పెద్దాయన అలా దిగడం చూశాను. పక్కనున్న పాతికేళ్ళ మనవళ్ళు రొప్పుతున్నారు. ఆయన గజ్జె మాత్రం ఒక్కటి కూడా అదనంగా మోగలేదు. గజ్జె కట్టుకున్న ప్రతివాడూ మోగించగలడు, అక్కర్లేనప్పుడు మోగకుండా అడుగు వెయ్యగలిగినవాడు ఆటగాడు.

మేళం సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. దేవదుందుభి ఉరుమి జాతి వాద్యం. నడుం సన్నగా, రెండు వైపులా తోలు మూత. అనంతపురం జిల్లాలో ఉరుముల నాట్యం చూసినవాళ్ళకి దీని కుదురు వెంటనే తెలుస్తుంది, అది దీనికి చుట్టమే. ఉరుమిలో ఒకవైపు సన్నపుల్లతో కొడతారు. రెండోవైపు వంకర పుల్లతో రుద్దుతారు. ఆ రుద్దుడుకి తోలులోంచి ఒక మూలుగు బయలుదేరుతుంది, కడుపులో పుట్టి గొంతు దాకా వచ్చి ఆగినట్టుంటుంది. పాట లేని లోటు ఈ ఆటలో ఎవరికీ తెలియకపోవడానికి ఆ మూలుగే కారణం.

ఈ ఆట మోజులో పడ్డవాళ్ళని చాలామందిని గమనించాను. ముందు చెవి దొరికిపోతుంది. మండపంలో భోజనాల దగ్గర కూర్చున్నవాడు ఎక్కడో ఉరుమి మూలిగితే ఆకు ముందునుంచి సగంలో లేస్తాడు. తర్వాత కన్ను. ఇరవై రుమాళ్ళు ఒక్కసారి నేలవైపు వాలే తీరు చూసినవాడు ఫోను తీస్తాడు, తీసి ఆటకేసి పట్టడం మరిచిపోతాడు. ఆఖర్న మోకాలు. ఎవరో ఒక మామ రుమాలు చేతిలో పెట్టి వరస చివరికి తోస్తాడు. కొత్తవాడు తన పాదాలకేసే చూసుకుంటూ తడబడుతుంటే వెనకనుంచి ఒకే మాట వినిపిస్తుంది: ‘కాలు చూడొద్దురా, మేళం విను.’ ఈ విద్యలో పాఠం చెప్పడమంటే చాలావరకు ఆ మాటే. మర్నాడు వాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాడు. ఆ నొప్పి తగ్గకముందే మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ అని అడిగాడంటే ఇక వాణ్ణి వదిలించుకోలేం. అడగనివాడు చూసి మెచ్చుకునే రకం. మెచ్చుకోలు మంచిదే, దానివల్ల ఆట మాత్రం నిలవదు.

ఒకప్పుడు ఇలా బయటివాడికి రుమాలు దక్కేది కాదు. కులం లోపల, గుడి ముందు, పెళ్ళిలో, పిల్ల పెద్దమనిషైన వేడుకలో ఆడుకునేవాళ్ళు, అంతటితో సరి. ఆ గడప దాటించిన గురువు పేరు జమీన్ కోడాంగిపట్టి కుమారరామన్. ఇంటి ఆటని బయటి పిల్లలకి అడుగడుగూ విప్పి నేర్పడం మాటలు కాదు. చూసి పట్టుకున్న విద్యని చెప్పి నేర్పాలంటే మొదట తన ఒంటిని తానే చదువుకోవాలి. బళ్ళలో, కాలేజీల్లో, నగరాల వేదికల మీద ఇవాళ దేవరాట్టం అన్న పేరు వినిపిస్తోందంటే ఆయన పుణ్యం చాలా ఉంది. 2007లో మొదలైన చెన్నై సంగమం లాంటి పండగలతో జానపద కళలన్నీ పార్కుల్లోకీ రోడ్ల మీదికీ వచ్చాయి. ఆడపిల్లలు కూడా రుమాలు పట్టారు. ఇది కులపెద్దల్లో కొందరికి కంటగింపు. నాకు కాదు. మోకాలు వంచగలిగితే ఎవరైతేనేం!

కోయంబత్తూరు వైపుది మరో అద్భుతం. మనవాళ్ళు కోయంబత్తూరనగానే జి.డి.నాయుడు గారినీ, నాయుళ్ళ మిల్లుల్నీ, మోటార్లనీ తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. కాని ఆ మిల్లుల కూత వినపడని ఉడుమలపేట పల్లెల్లో కంబళత్తు నాయకులు ఎద్దుతో కలిసి ఆడతారు. సలకెరుదు ఆట అంటారు దీన్ని. సంక్రాంతి నాడు పుట్టిన కోడెదూడని సోమవారపట్టి ఆల్కొండమాల్ కోవెల పేర విడిచిపెడతారు. దానికి కాడి కట్టరు, బండి పూన్చరు. మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం, పొడుగునా రాత్రిపూట ఊరి నడుమ ఉరుమి మోగుతుంది. కుర్రాళ్ళు పొడుగాటి వెదురుకర్రలు పట్టుకుని దాని ముందు నిలుస్తారు. తాళానికి అడుగులు వేస్తూ, ఎద్దుని మలుపుతూ, తామూ మళ్ళుతూ ఆడతారు. కర్ర కొట్టడానికి కాదు, దారి చూపడానికి. ఎద్దు ముందుకొస్తే వెనక్కి అడుగు, అది మళ్ళితే పక్కకి అడుగు, కళ్ళు మాత్రం దాని కళ్ళ మీదనుంచి తప్పకూడదు. నేల చూసుకునే వీలే లేదు. దేవరాట్టంలో పెద్దలు చెప్పే ‘కాలు చూడొద్దు’ అన్న పాఠం ఇక్కడ కొమ్ముల ఎదుట నేర్చుకుంటారు!

గంగిరెద్దుకీ దీనికీ పోలిక తేవద్దని మనవి. గంగిరెద్దువాడు ఎద్దుకి ఆట నేర్పి దాంతో పొట్టపోసుకుంటాడు, ఆ విద్య గొప్పదే. సలకెరుదు ఎవరి పొట్టకోసమూ ఆడదు, దానికి సలాము చెయ్యడం రాదు. మంచి ఎద్దయితే నెల తిరిగేసరికి ఉరుమి మొదలవగానే తనే వచ్చి నిలబడుతుంది. పండగ రోజుల్లో వాటిని తోలుకుని సోమవారపట్టి కోవెలకి వెళతారు. పాడి ఉన్నవాళ్ళు అభిషేకానికి పాలు తెస్తారు, మట్టితో చేసిన ఆవుల్నీ ఎద్దుల్నీ మొక్కుబడిగా పెడతారు. అక్కడ ఏ ఊరి ఎద్దు బాగా ఆడిందన్న మాట మీద బావామరదుల మధ్య మాటలు ఆగిపోయిన సంవత్సరాలు కూడా ఉన్నాయి.

ఇక మింగుడుపడని సంగతి. దేవరాట్టం అని పేరు పెట్టుకుని వేదికల మీద ఇప్పుడు ఆడేదాంట్లో సగానికి పైగా దేవరాట్టం కాదు. కళాశాల వార్షికోత్సవంలో అయిదు నిమిషాలిస్తారు. అయిదు నిమిషాల్లో మొదటి నెమ్మది అడుగుకే చోటుండదు, కాబట్టి జోరుతోనే మొదలెడతారు. జోరుతో మొదలైన ఆట ఎక్కడికి పోతుంది? ఎగరడానికి పోతుంది. మోకాలు వంచడం పోయి గెంతడం వచ్చింది. రుమాలు నేల తుడవడం పోయి గాలిలో జెండా ఊపడం వచ్చింది. పంచె మీద జరీ, పాగా మీద తళుకులు. తోలుకి బదులు ప్లాస్టిక్ మూత బిగించిన ఉరుమి. దాన్ని రుద్దితే మూలుగు రాదు, కీచుమంటుంది. ఆ కీచు వినపడకుండా స్పీకర్లో సినిమాపాట. పాట లేకపోవడమే గొప్పగా బతికిన ఆటకి పాట తగిలించినవాణ్ణి ఏం చెయ్యాలో జక్కమ్మకే వదిలేస్తున్నాను. 2019లో ‘దేవరాట్టం’ పేరుతో ఒక సినిమా వచ్చింది, కొట్లాటల సినిమా. ఇప్పుడు కుర్రాళ్ళకి ఆ పేరు చెబితే ముందు అదే గుర్తొస్తోంది.

పెళ్ళిళ్ళ సంగతీ అంతే. డి.జె. పెట్టెలకి వేలకు వేలు పోసినవాళ్ళు మేళగాళ్ళ దగ్గర బేరమాడతారు. ఆటగాళ్ళ పేర్లయినా గోడపత్రికల్లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఉరుమి వాయించినవాడి పేరు నేనింతవరకు ఏ పత్రికలోనూ అచ్చులో చూడలేదు. వాడు లేచిపోతే ఇరవైమంది ఆటగాళ్ళూ రుమాళ్ళు మడిచి జేబులో పెట్టుకోవలసిందే గదా!

బాగుపడే దారి లేదనను. కోయంబత్తూరు జిల్లాలోనే వళ్ళి కుమ్మి అనే ఆట కళ్ళముందు లేచి నిలబడింది. ఆడవాళ్ళకి కూడా నేర్పుతూ దాన్ని ఊరూరా తిప్పిన బద్రప్పన్ గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు, చేతులెత్తి మొక్కుతాను. అది తమిళుల ఆట, తమిళులు పట్టించుకున్నారు. దేవరాట్టాన్ని తమిళ ప్రభుత్వమూ తన కళే అంటోంది, వేదిక ఇస్తోంది, అందుకు కృతజ్ఞత ఉండాలి. మనమేం చేశామన్నదే నా ఫిర్యాదు. పేరిణి గురించి పుస్తకాలు రాసుకున్నాం, కూచిపూడిని ప్రపంచం తిప్పాం. నాలుగైదు వందల ఏళ్ళుగా పరాయి నేల మీద తెలుగు మాట్లాడుతూ మోకాలు వంచి ఆడుతున్నవాళ్ళ దగ్గరికి మన జానపద శాఖలవాళ్ళు కెమెరా పట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళారు? అడుగులన్నీ, మేళం విరుపులన్నీ, నెమ్మది ఆవృతం నుంచి చివరి జోరు దాకా కోతలేకుండా ఒక్క రాత్రి ఆటనైనా చిత్రించి దాచాలి. అడుగుల పేర్లు తెలిసిన పెద్దలు తరిగిపోతున్నారు, ఈ పని వచ్చే దశాబ్దానికి వాయిదా వేసేది కాదు.

పాఠకులకి కూడా ఒక మనవి. కోయంబత్తూరు నుంచి ఉడుమలపేట సుమారు 70 కిలోమీటర్లు, పొళ్ళాచ్చి మీదుగా బస్సులుంటాయి. మనకి సంక్రాంతి, కనుమ సెలవులే, వాళ్ళకీ పండగ అప్పుడే. సోమవారపట్టి వెళ్ళండి. తెలుగులోనే పలకరించండి, మన చెవికి వింతగా తోచే యాసలో జవాబు వస్తుంది, ఆగి వినండి. ఎవరైనా చేతికి రుమాలిస్తే సిగ్గుపడకుండా వరస చివర నిలబడండి. తిరిగి వచ్చేముందు మేళగాణ్ణి వెతికి, పేరు అడిగి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి రండి.