నాణ్యత పట్టికలో పట్టని అమ్మాయి

కథనో నవలనో చదివినట్టే నాక్ మాన్యువల్‌నీ చదవొచ్చు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గొంతు వినబడదు అని అడగొచ్చు. నేనలాగే చదివాను.

కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్‌ను యూజీసీ 1994లో బెంగళూరులో నెలకొల్పింది. నాణ్యతా హామీ, బెంచ్‌మార్క్, ఫీడ్‌బ్యాక్ అంటూ అది మాట్లాడే భాష ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. ఆ భాషకు ఆద్యుల్లో ఒకడైన డెమింగ్ 1950లో జపాన్ పరిశ్రమల వాళ్లకు నాణ్యతా పాఠాలు చెప్పాడు. ఆయన తర్వాత రాసిన 14 సూత్రాల్లో రెండున్నాయి: పనిచేసేవాళ్లలో భయం పోగొట్టండి, అంకెల లక్ష్యాలు ఎత్తేయండి. మనం పట్టికలు తెచ్చుకుని ఆ రెండింటినీ వదిలేశాం. నాక్ 2017లో సవరించిన విధానంలో సుమారు 70 శాతం అంకెలదే.

అందులో లింగ సమానత్వానికీ చోటుంది, చివరిదైన ఏడో ప్రమాణంలో. భద్రత, కౌన్సెలింగ్, కామన్ రూమ్ ఉన్నాయా అని అడుగుతారు. అవి కావాల్సినవే. కానీ పెద్దకొడప్‌గల్ నుంచి బిచ్కుందకో బాన్సువాడకో డిగ్రీ చదువుకు వెళ్లే అమ్మాయిని తలచుకోండి. ఆమె చదువు ఆగేది కామన్ రూమ్ లేక కాదు. సాయంత్రం బస్సు లేకపోతే ఆగుతుంది, సంబంధం కుదిరితే ఆగుతుంది, పత్తి ఏరడానికి చేతులు తక్కువైతే ఆగుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఆమె చదువుకు సంబంధించి ఇది పెద్ద విషయమే. కాలేజీ నాణ్యతలో దానికి గడి లేదు.

ఉత్తీర్ణత శాతం చూడండి. చివరి ఏడాది పరీక్ష రాసినవాళ్లలో ఎందరు పాసయ్యారన్నదే లెక్క. రెండో ఏడు పెళ్లయి మానేసిన అమ్మాయి అందులో ఉండదు. ఆమె పోయినా శాతం తగ్గదు.

ఈ పట్టికలు నింపేదెవరు? నేను పనిచేసిన కాలేజీలో ఆ ఫైళ్లు ఎక్కువగా ఆడ లెక్చరర్ల బల్లల మీదే పేరుకునేవి. "మీకు ఓపిక ఎక్కువ మేడమ్" అనేవారు. పాఠం చదువుకోవాల్సిన గంట జియోట్యాగ్ ఫొటోలకు పోయేది. ఇంటిచాకిరీలాగే దానికీ లెక్కాపత్రం లేదు.

గ్రేడుకు అంత విలువ పెంచితే అది సరుకవుతుంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతపు విశ్వవిద్యాలయం ఒకదానికి మంచి గ్రేడు కోసం లంచం నడిచిందన్న ఆరోపణపై సీబీఐ నాక్ తనిఖీ బృందం వాళ్లనే అరెస్టు చేసింది.

జవాబుదారీతనం వద్దని నేననను. ఇన్‌స్పెక్షన్ల పాత పద్ధతి మనకేం ఒరగబెట్టలేదు. నేనడిగేది ఇంకా కఠినమైన లెక్క: చేరిన ప్రతి అమ్మాయీ మూడేళ్ల తర్వాత ఎక్కడుందో కాలేజీ చెప్పాలి. మానేస్తే ఎందుకు మానేసిందో ఆమెనే అడిగి, ఆమె మాటల్లోనే రాయాలి.