సూదికి ముందు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో జ్వరమొస్తే చాలామందికి తొలి వైద్యం ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీ వైద్యుడు వేసే సూదే. రెండ్రోజులు తగ్గి మళ్లీ కాగుతుంది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లకు సోకే ఇన్‌ఫెక్షన్ ఆ ఒక్క యాంటీబయాటిక్ సూదితో పోదు. రక్త పరీక్షలో దొరకాల్సిన దోషి జాడ మాత్రం చెరిగిపోతుంది.

ఆ దోషి కాపురం నోట్లో. పండ్ల పాచిలో, చిగుళ్ల సందుల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, మైటిస్ వంటివి అక్కడున్నంతకాలం పెద్దగా హాని చేయవు. 2008లో అమెరికాలో లాక్‌హార్ట్ బృందం 290 మందిని పరీక్షించింది. ముందుగా మందేమీ వేసుకోకుండా పన్ను పీకించుకున్నవారిలో 60 శాతం, ఉత్తినే బ్రష్ చేసుకున్నవారిలో 23 శాతం మంది రక్తంలో ఈ తరహా క్రిములు దొరికాయి. ఆరోగ్యవంతుల ఒళ్లు వాటిని త్వరగానే వదిలించుకుంటుంది. గరుకెక్కిన కవాటం దొరికితే అక్కడే అతుక్కుని గడ్డ కడతాయి.

నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లకు గోధుమరంగు తేలిన పండ్లను చూసి నోరు శుభ్రంగా లేదనుకుంటారు. అన్యాయం. ఆ మచ్చ పంటి ఎనామిల్‌లోది, క్రిములది కాదు. చూడాల్సింది క్రిములు నెత్తుట్లోకి దూరే చిగుళ్లను: తోమితే నెత్తురు వస్తోందా?

ల్యాబ్‌లో ఈ క్రిమిని పట్టే పని ఓపికతో కూడినది. వేర్వేరు చోట్ల మూడుసార్లు తీసిన రక్తాన్ని సీసాల్లో పెంచి, గొర్రె నెత్తురు కలిపిన అగర్ ప్లేటు మీద గీస్తారు. మర్నాడు దీపానికి ఎదురుగా పట్టి చూస్తే గుండుసూది మొనంత చుక్కలు, చుట్టూ పచ్చటి మసక. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అందుకే ప్లేటు మీద ఆప్టోచిన్ మందు బిళ్ల పెడతారు. న్యుమోకాకస్ బిళ్ల చుట్టూ పెరగదు, నోటి క్రిమి బిళ్ల అంచుదాకా పెరుగుతుంది. క్రిములను గుర్తుపట్టే ఖరీదైన మాల్డీ-టాఫ్ యంత్రం కూడా మైటిస్ దగ్గర ఒక్కోసారి తడబడుతుంది. ఆ చిన్న బిళ్లకు ఇంకా విలువ ఉన్నది అందుకే.

1911లో న్యూయార్క్‌లో సంగీతకారుడు గుస్తావ్ మాలర్ రక్తం నుంచి డాక్టర్ జార్జ్ బేర్ ఈ నోటి క్రిముల జాతినే పెంచి చూపించారు. పేరు తెలిసింది, మందు లేదు. ఆ మే నెలలోనే మాలర్ పోయాడు. ఇప్పుడు పెన్సిలిన్ ఉంది, సాధారణంగా నాలుగు వారాలు నరంలోకి ఎక్కిస్తారు.

పాలమూరుకు (మహబూబ్‌నగర్) 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. క్రిములను పెంచి చూసే మైక్రోబయాలజీ విభాగం లేని వైద్య కళాశాల ఉండదు. ఇక ఆర్‌ఎంపీలు చేయాల్సింది కొంచెమే. కవాటం జబ్బున్న మనిషికి జ్వరమొస్తే సూది వేయకుండా అక్కడికి పంపాలి. వేసేసి ఉంటే ఏ మందు, ఏ రోజు వేశారో చీటీ మీద రాసివ్వాలి.