అడ్డాకు నుంచి కొండచీపురు దాకా

అక్షరానికో వస్తువు ఇంట్లోనే వెతికి ఫొటో తీసే ఆట ఒకటుంది. పట్నం ఫ్లాట్లలో అది అద్దం, ఇస్త్రీపెట్టె, ఉప్పుడబ్బాలతో తేలిపోతుంది. అన్నీ కొట్లో కొన్నవే. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో, ఒక సవర ఇంటి వసారాలో ఆడితే మాత్రం దాదాపు ప్రతి ఫొటోలోనూ ఎవరిదో చేతిపని పడుతుంది.

‘అ’కు అడ్డాకు విస్తరి. అడ్డతీగ అడవిలో చెట్ల మీదికి పాకుతుంది. ఆకు అరచేతిని మించి వెడల్పు, కొసన రెండుగా చీలి ఉంటుంది. కుట్టేవాళ్లు పెద్ద ఆకును నడుమ పెట్టి, చుట్టూ ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కించుకుంటూ సన్నటి పుల్లలతో గుచ్చుతారు. పుల్ల ఒకచోట దిగి, రెండు ఆకులనూ పట్టుకుని, కాస్త అవతల తేలగానే మిగిలిన ముక్క తుంచేస్తారు. ఆకు ఎండితే ముడుచుకుంటుంది. ఆ లెక్క ముందే వేసుకుని అంచులు ఎక్కించాలి, లేకపోతే వడ్డించిన పులుసు కిందికి జారుతుంది. కొలబద్ద ఉండదు, కన్నే కొలత. ఫొటో తీసేటప్పుడు విస్తరిని వెనక్కి తిప్పండి, పనితనమంతా అటువైపే ఉంది. అదే తీగ నారతో తాళ్లు కూడా పేనుతారు.

‘ఆ’కు ఆనపబుర్ర. కాయను తీగ మీదే ముదరనిచ్చి, పెంకు గట్టిపడ్డాక చిల్లు పెట్టి, నీళ్లు పోసి నానబెట్టి, గుజ్జునూ గింజలనూ దులిపేస్తారు. ఆరాక అందులో చోడి అంబలి పోసుకుని పోడుకు పట్టుకెళితే ఎండపొద్దున కూడా చల్లగా ఉంటుంది. జీలుగు కల్లుకూ ఇదే పాత్ర. కాయను ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉంది. నడుము సన్నగా ఉన్నదైతే తాడు కట్టడానికి వేరే పట్టు అక్కర్లేదు.

‘ఇ’కి ఇడితాల్. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన నీళ్లతో, పుల్లతో గీసే బొమ్మ. ముందు చుట్టూ చట్రం గీస్తారు, అదే ఇల్లు. దానిలో మనుషులు, సూర్యచంద్రులు, ఏనుగులు, గుర్రాలు. కాలం మారేకొద్దీ సైకిళ్లూ విమానాలూ వచ్చి చేరాయి. సవరల మతం మీద 1955లో వెలువడిన పుస్తకంలో వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మల గురించి వివరంగా రాశారు. ఇది గోడకు సింగారం కాదు, చనిపోయిన పెద్దలకూ దేవతలకూ కట్టిచ్చిన ఇల్లు. ఇంటివాళ్లను అడగకుండా కెమెరా ఎత్తకండి.

‘ఈ’కి ఈతాకు చాప, ‘ఉ’కు ఉట్టి, ‘చ’కు చేట. ఇవి చకచకా దొరుకుతాయి. చిక్కంతా ‘ణ’ దగ్గర. ఆ అక్షరంతో తెలుగు మాట మొదలవదు కనుక వాచకాలవాళ్లు వీణ బొమ్మ వేసి గట్టెక్కుతారు. ఈ ఇంట్లో వీణ ఎక్కడిది? చూరులో బాణం ఉంది.

ఇంటి మాటతోనే పిల్లల చదువు సాగాలని ఈ కొండల అంచున, పర్లాకిమిడిలో పట్టుబట్టినవారు గిడుగు వెంకట రామమూర్తి. సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు. 1931లో సవర భాష మీద మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఈ రెంటి మధ్య, 1936లో, మంగెయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారుచేశారు. 24 అక్షరాలు, అక్షరానికో దేవత. వస్తువులు వెతికే మన ఆట దాని ముందు చిన్నదే.

ఒక్క ఫొటోకే బహుమతి ఇవ్వాలంటే నా ఓటు ‘క’కు, అంటే కొండచీపురుకు. కొండవాలున పెరిగే గడ్డి పూతను కోసి, ఎండబెట్టి, పుప్పొడి రాలేలా విదిలించి, కాడలన్నీ ఒక్క ఎత్తుకు సర్ది పిడి కడతారు. కట్టు వదులైతే నాలుగు రోజులకే కాడలు ఊడొస్తాయి. సీతంపేట సంతలో చీపురు కొనేటప్పుడు ముందు పిడి కట్టు చూడండి, ఆ తర్వాత బేరమాడండి.