రెసిన్ కన్నా ముందు కాగితం

1040లో చైనాను ఏలుతున్న సాంగ్ ప్రభుత్వం దక్షిణాది జిల్లాలకు ఒక ఉత్తర్వు పంపింది. పశ్చిమ సరిహద్దు కోటలను కాచే విలుకాళ్ల కోసం 30,000 కాగితపు కవచాలు తయారు చేయించమని. వినడానికి వేళాకోళంలా ఉన్నా, పొరలు పొరలుగా మడిచిన కాగితం బాణాన్ని నిలువరిస్తుందని అక్కడివాళ్లకు అప్పటికే తెలుసు. అంతకుముందటి తాంగ్ రాజవంశ కాలంలో షూ షాంగ్ అనే అధికారి తన సైనికులకు ఇలాంటివే చేయించాడని ఆ రాజవంశపు చరిత్రలో రాసి ఉంది.

జపాన్‌వాళ్లది ఇంకో దారి. వాళ్ల సమురాయ్ కవచాల్లో తోలు బిళ్లలకూ ఇనుప బిళ్లలకూ ఉరుషి చెట్టు పాలు పూసి ఆరబెట్టేవారు. అదే పూతను కాగితం మీద వేసి పాత్రలు చేసే పద్ధతిని 17వ శతాబ్దంలో చైనా నుంచి వలస వచ్చిన హికి ఇక్కన్ అక్కడ స్థిరపరిచాడు. ఆయన పేరు మీదనే దాన్ని ఇక్కన్‌బరి అంటారు. ఆ కుటుంబం ఇప్పటికీ తేనీటి వేడుకకు కావలసిన సామాను చేస్తోంది. ఉరుషి గుణం చిత్రమైనది. ఎండకు కాదు, గాలిలోని తేమకు గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి.

ఆ జపాన్ నుంచే మన కాలంలో పెపకురా వచ్చింది. తామా సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేసిన పెపకురా డిజైనర్ ప్రోగ్రామ్, కంప్యూటర్‌లోని త్రీడీ బొమ్మను విప్పి చదునైన ముక్కలుగా కాగితం మీద పరుస్తుంది. 2001లో వచ్చిన హేలో వీడియో గేమ్ అభిమానులకు ఇది వరమైంది. ఆ గేమ్ కథానాయకుడు మాస్టర్ చీఫ్ తొడుక్కునే ఆకుపచ్చ కవచం వాళ్లకు కావాలి, దుకాణాల్లో దొరకదు. ఆట బొమ్మల్లోని కోణాలను విప్పి, అట్ట మీద ముద్రించి, అతికించి, రెసిన్‌తో గట్టిపరిచి తొడుక్కున్నారు. ఇవాళ హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి చోట్ల కనిపించే కొన్ని కవచాల వెనక కూడా ఈ పద్ధతి ఎక్కడో ఒకచోట ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ రెసిన్ కొనాలని. నా దృష్టిలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. రెసిన్ తప్పును దిద్దదు, ఉన్న తప్పును శాశ్వతం చేస్తుంది. ఒక చెంప వంకరగా అతికితే ఆ వంకరే రాయిలా బిగుసుకుంటుంది. అందుకే ఈ పనిలో నైపుణ్యమంతా కాగితం దగ్గరే ఉంది.

ముందు కొలత. ఉదాహరణకు హెల్మెట్‌నే తీసుకుంటే, దాని ఎత్తును ప్రోగ్రామ్‌లో మిల్లీమీటర్లలో ఇస్తే ముక్కలన్నీ ఆ లెక్కకు సర్దుకుంటాయి. చాలామంది ఎత్తు చూసుకుని మెడ దగ్గరి సందు సంగతి మరిచిపోతారు. తల ఎంత వెడల్పో చూసుకుని, లోపల వేసే స్పాంజికి చోటు కలుపుకుని, ఆ సందు కొలతకు ఒక అట్ట చుట్టు చేసి తలమీంచి దించి చూడాలి. ముక్కు దగ్గర ఇరుక్కుంటే కొలత పెంచాలి. ముద్రణ అయ్యాక పెంచడమంటే మళ్లీ మొదటికి రావడమే.

అట్ట 180 నుంచి 220 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) మధ్య ఉంటే చాలు. ఇంతకన్నా పలచనైతే రెసిన్ తగలగానే కుంగిపోతుంది, మందమైతే చిన్న మడతలు సరిగ్గా తిరగవు. ముక్కల మీద రెండు రకాల గీతలుంటాయి: ఒకటి మడత పైకి లేచేదని చెప్పేది, రెండోది లోపలికి దిగేదని చెప్పేది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి ఆ గీతల మీద ఒకసారి గట్టిగా గీస్తే మడత నిటారుగా వస్తుంది. అంచుల మీది అంకెలు ఏ ముక్క దేనికి అతకాలో చెబుతాయి. నడినెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి రావడం మేలు. జిగురు పలచగా రాయాలి, తడి ఎక్కువైతే అట్ట ముడతలు పడుతుంది. బయటివైపు సెల్లోటేపు మాత్రం వద్దు. టేపు ఉన్నచోట రెసిన్ కాగితంలోకి ఇంకదు.

అతుకుల పని పూర్తయ్యాక దవడ నుంచి దవడకు, నుదుటి నుంచి మెడకు లోపల అడ్డంగా పుల్లలు అతికించాలి. తడిసిన కాగితం తన బరువుకు తానే వాలిపోతుంది, ఆ పుల్లలే దాన్ని నిలబెడతాయి. బోర్లించిన బకెట్ మీద పాలిథిన్ పరిచి హెల్మెట్‌ను దాని మీద కూర్చోబెడితే రెసిన్ పనికి సిద్ధమైనట్టే.

తెలుగు ఊళ్లలో ఫైబర్ గ్లాస్ సామాను అమ్మే దుకాణాల్లో దొరికేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్. దానికి హార్డెనర్ కలిపితే గట్టిపడుతుంది: 100 గ్రాముల రెసిన్‌కు ఒకటి నుంచి రెండు గ్రాములు. చాలాచోట్ల ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను విడిగా ఇస్తారు. కొన్ని రెసిన్లలో అది ముందే కలిసి ఉంటుంది, కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. విడిగా ఇస్తే ముందు దాన్ని రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలిపోతుంది. ఇది బెదిరింపు కాదు, ఫైబర్ గ్లాస్ పని నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పే మాట. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా సీసా మూత తీయకూడదు.

కలిపిన దగ్గర్నుంచి చేతిలో ఉండే సమయం పది పదిహేను నిమిషాలు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం అంత సమయం కూడా చిక్కదు, తెల్లవారుజామున చేసుకోవడం నయం. వానాకాలంలో ఇంకో ఇబ్బంది: చెమ్మ పట్టిన అట్ట మీద రెసిన్ సరిగా ఆరదు. చేతిలో సమయం తక్కువ కాబట్టి ఒక్కసారి 50 గ్రాములకు మించి కలపకుండా, పలచగా, బయటివైపు మాత్రమే పూయాలి. కాగితం రెసిన్ పీల్చుకుని అద్దంలా మారుతుంది. తెల్లగా మిగిలిన మచ్చలు పూత అందని చోట్లు. అవి పోయి, ఆరి, వేలితో కొడితే టక్కుమన్నాక లోపలివైపు పూత. మొదటిసారే మందంగా పూస్తే కాగితం కుంగుతుంది, కారిన రెసిన్ బొట్లుగా గడ్డకడుతుంది, ఆ బొట్లను గీకడానికి పట్టే సమయంలో ఇంకో హెల్మెట్ చేయొచ్చు. కప్పులో మిగిలిన రెసిన్‌ను చెత్తబుట్టలో పారేయకండి. ముద్దగా ఉన్న రెసిన్ తన వేడికి తానే పొగలు కక్కుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. ఇసుకలో పలచగా పరిచి చల్లారనివ్వాలి.

ఇంతవరకు చేసినదాన్ని గట్టిపడిన కాగితం అనొచ్చు గానీ కవచం అనలేం, కింద పడితే పగులుతుంది. బలమిచ్చేది లోపల వేసే గాజు నార, అంటే ఫైబర్ గ్లాస్. 300 జీఎస్‌ఎమ్ మ్యాట్‌ను చిన్న పేలికలుగా చింపి, రెసిన్‌తో తడిపి, గాలి బుడగలు పోయేలా బ్రష్ కొనతో పొడుస్తూ ఒకటి రెండు పొరలు వేస్తే చాలు. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ నార గుచ్చుకుంటే రాత్రంతా దురదే. మామూలు రెసిన్ ఆరాక కూడా పైన కాస్త జిగటగా ఉంటుంది, అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఆ తర్వాతి పని కారు టింకరింగ్ షెడ్డులో ఎవరైనా చూపిస్తారు: లప్పం రాయడం, 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్దడం, ప్రైమర్ కొట్టడం, మళ్లీ రుద్దడం. ఎన్ని పలకలతో అతికించామో చూసేవాళ్లకు తెలియకుండా చేసేది ఈ రుద్దుడే. కొండపల్లి బొమ్మల అతుకులకు మనవాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు రాస్తారే, లప్పం చేసేది కూడా ఆ పనే. లప్పం రుద్దేటప్పుడు మాస్కు కావాలి, మక్కుకు అక్కర్లేదు, అంతే తేడా.

ఇప్పుడు చాలామంది ఈవీఏ ఫోమ్‌కూ త్రీడీ ప్రింటర్‌కూ మళ్లారు. వాళ్లను తప్పుపట్టలేం: ఫోమ్ తేలిక, రెసిన్ వాసన లేదు. అయినా ఫోమ్‌ను కత్తిరించే నమూనాలు చాలావరకు పెపకురా కాగితాలే. గుండ్రటి నెత్తిని చదునైన పలకలుగా ఎలా విడగొట్టాలో చేత్తో తెలుసుకున్నవాళ్లకు ఏ పదార్థమైనా లొంగుతుంది. ఈ పద్ధతి విలువ ఇందులో ఉందని నా నమ్మకం. అయితే ఇలా చేసినదాన్ని నిజమైన కవచంగా పొరబడకండి. గాజు నార పెంకు దెబ్బ తగిలితే వాడి అంచులతో చీలుతుంది. ఉత్తుత్తి కొట్లాటకు కూడా పనికిరాదు.

మొదటి పనికి హెల్మెట్‌ను ఎంచుకోవద్దు. మోచేతి కవచం ఒకటి చేయండి. తక్కువ ముక్కలు, తక్కువ రెసిన్. ఎంత తక్కువైనా జాగ్రత్త తప్పదు: పాలియెస్టర్ రెసిన్ ఆవిరిలో స్టైరిన్ అనే హానికర రసాయనం ఉంటుంది. కరోనా రోజుల్లో కొన్న ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఈ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, పని డాబా మీదనో ఆరుబయటో జరగాలి, ఇంట్లో చంటిపిల్లలుంటే అసలు మొదలుపెట్టకూడదు. అలాంటి ఇళ్లలో జిగురూ పాత న్యూస్‌పేపరూ నాలుగైదు పొరలు వేసి ఆరబెట్టుకుంటే ఒక పండగ వేషానికి సరిపోతుంది. మాస్కుకు డబ్బు లేకపోతే రెసిన్ కొనడం వచ్చే నెలకు వాయిదా వేయండి. ఈలోగా కాగితం పని చేసుకోవచ్చు.