వేడి తగ్గాక

గుర్రం కాలు చూడాలంటే ముందు దాని మూపు మీద చెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి తియ్యకుండా భుజం మీదుగా నెమ్మదిగా కిందికి జార్చాలి. తిన్నగా పోయి కాలు ముట్టుకుంటే బెదురుతుంది. ఇది నాకు నేర్పింది మలక్‌పేట రేస్‌కోర్సులో పనిచేసిన ఓ పెద్దాయన, గుర్రాల్ని చూసుకునే సయీసు. ఆయన్ని చాచా అనేదాన్ని. మొదటిరోజే నా చెయ్యి ఆపేశాడు. "అరచెయ్యి వద్దు బేటా, అది పని చేసి చేసి మొద్దుబారి ఉంటది. తిప్పి పెట్టు."

తిప్పి పెట్టాను. వేళ్ల వెనకభాగానికి ఎడమ కాలు చల్లగా తగిలింది. కుడి కాలు, మోకాలి కింద వెనకవైపు, రూపాయి బిళ్లంత మేర గోరువెచ్చగా ఉంది. కంటికి ఏ తేడా లేదు. వాపు రెండు రోజుల తర్వాత తేలింది.

అప్పటిదాకా నేను మనుషుల ఫిజియోథెరపిస్టుని. "ఎక్కడ నొప్పి?" అని అడగడంతో నా పని మొదలయ్యేది. గుర్రం చెప్పదు సరికదా, దాచుకుంటుంది. మందలో కుంటేదే పులికి మొదట చిక్కుతుంది మరి. అందుకే దాని చెవులూ, ముక్కుపుటాలూ, కళ్లపైన ముడతా చూసుకుంటూ వేళ్లు కదపాలి.

పైగా ఆ ఒంటి కట్టడమే వేరు. గుర్రానికి కాలర్ బోన్ ఉండదు. ముందుకాళ్లను మొండేనికి పట్టి ఉంచేది కండరాలే. ఒంటి బరువులో 60 శాతం దాకా ఆ రెండు కాళ్ల మీదే పడుతుంది. మోకాలి నుంచి కిందికి కండరమన్నదే లేదు. ఎముక, స్నాయువులు, చర్మం, అంతే. దౌడులో 450 కిలోల గుర్రం ఒక్క క్షణం ఒంటికాలి మీద ఆనుతుంది. అప్పుడు ఆ స్నాయువు సాగి, మళ్లీ స్ప్రింగులా లాగుతుంది. దానికి రక్తం అందేది తక్కువ. పోగు తెగితే అతుక్కోవడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది.

చిక్కేమిటంటే వేడి, వాపు కొన్ని వారాలకే పోతాయి. గుర్రం హుషారుగా ఉంటుంది. లోపల మాత్రం పోగులు ఇంకా చిందరవందరగానే ఉంటాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. పరుగెత్తని గుర్రానికి నెలనెలా ఖర్చు పెట్టే యజమాని తొందర నాకు అర్థమవుతుంది. వేరే ఊళ్లో ఒక ఆడగుర్రం విషయంలో ఆ తొందరకు నేనూ లొంగాను. ఆరో వారంలో దుడుకు నడకకు సరేనన్నాను. పదో రోజు అదే కాలు, అదే చోట తెగింది. ఆ తప్పు నాది. ఆ గుర్రం మళ్లీ రేసుకు రాలేదు.

ఓపిక పట్టిన కథ కూడా ఉంది. అమెరికాలో సీబిస్కట్ అనే గుర్రానికి 1939లో ముందుకాలి లిగమెంటు దెబ్బతింది. దాని జాకీ రెడ్ పొలార్డ్ అప్పటికే కాలు విరిగి ఉన్నాడు. ఇద్దరూ ఒకే పశుక్షేత్రంలో కలిసి నడుస్తూ కోలుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో శాంటా అనీటా రేసు గెలిచారు. కుంటుతున్న మనిషీ కుంటుతున్న గుర్రమూ పక్కపక్కన నడిచిన ఆ నెలలే నాకు ఆ గెలుపుకన్నా ఇష్టం.

ఇప్పుడు నా చేతిలో అలాగే స్నాయువు దెబ్బతిన్న ఆరేళ్ల మగగుర్రం ఉంది. పొద్దున్నే కాలి మీద ఇరవై నిమిషాలు చన్నీళ్ల ధార. తర్వాత పగ్గం పట్టుకుని గట్టినేల మీద, వంపుల్లేకుండా నడక. మొదటివారం పది నిమిషాలే, ఇప్పుడు పాతిక. ఆపైన క్యారెట్. ముక్కు దగ్గర చూపించి, మెల్లగా డొక్క వైపు జరిపితే గుర్రం మెడ తిప్పి అందుకుంటుంది. దాంతో వెన్నెముకను ఆనుకుని లోతున ఉండే చిన్న కండరాలు బలపడతాయి.

నిన్న ట్రాకు మీద గుర్రాల డెక్కల చప్పుడు వినబడగానే అది చెవులు నిక్కబొడుచుకుని పగ్గం లాగింది. ఆగి, మూపు మీద చెయ్యి వేసి, కిందిదాకా జార్చి, వేళ్లు తిప్పి పెట్టాను. చల్లగా ఉంది. ఇంకా ఏడు నెలలు. క్యారెట్ తీశాను. ఎడమవైపు తేలిగ్గా అందుకుంది. కుడివైపు సగంలో ఆగి, ఒక అడుగు కదిపి, అప్పుడు అందుకుంది.