కరణభూతమగు కట్టడము: గోలకొండ దిగుడుబావులు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరుల ఇరుగుపొరుగున బాగులింగంపల్లి కలదు. ఆ పేరిటి ‘బాగు’ శబ్దము తోఁటను చెప్పును. నేఁడచ్చట ఇండ్లు దట్టముగ నున్నవి. తోఁట పేరుమాత్రమే నిలిచినది. తోఁట యనఁగానే దానికి నీరిచ్చిన బావిని గూడ తలఁపవలెను. భాగ్యనగర ప్రాంతపు ప్రాచీనోద్యానములను వర్ణించువారు తఱచుగ గుమ్మటములతో నారంభించి గుమ్మటములతోనే ముగింతురు. బావికి పరిచారకస్థానమే దక్కుచున్నది. ఈ వైఖరి విమర్శార్హము.

1518 మొదలు 1687 వఱకు ఏలిన కుతుబ్‌షాహీల సమాధులుగల గోలకొండ తోఁటయే దీనికి నిదర్శనము. అందలి మహమ్మదు కులీ కుతుబ్‌షా సమాధి 40 మీటర్లకు పైఁబడిన యెత్తున దూరమునుండియే కన్నుల నాకర్షించును. దిగుడుబావులో, దరికి పోయినఁగాని కనఁబడవు. అయినను వాని నిర్మాణము పరిశీలింపఁదగినది. నీటిమట్టము తగ్గినను అందునట్లు మెట్లు. ఎడ్లచే మోట తోలించుటకు పైకట్టు. తోడిన నీరు పల్లమునకు పాఱుటకు కాలువలు. మట్టి యొత్తిడి నాపుటకు రాతిగోడలు. ప్రతిభాగమునకును ప్రయోజనమే రూపము నిచ్చినది.

సంస్కృతపు ‘వాపీ’ శబ్దమే తెనుఁగున ‘బావి’ యైనది. గోలకొండలో వాడుకనున్న ‘బావోలీ’ యును ఆ మూలమునుండి పుట్టినదే. రెండు వాడుకలును ఒక్క నీటికడనే కలిసికొన్నవి.

సమాధి ప్రధానము, బావి గౌణము గదా యని యాక్షేపింపవచ్చును. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించు సాధనమునకే పాణిని కరణసంజ్ఞ నొసంగెను. కరణము కర్తకు లోఁబడినదే, కాని అల్పము కాదు. గొడ్డలి లేక ఛేదనము లేదు. బావి లేక ఉద్యానము లేదు.

2013 సంవత్సరపు వర్షములకు అచ్చటి బడీ బావోలీ గోడ కొంత కూలినది. ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ పూనికతో అది మరల నిలిచినది. 2022లో గోలకొండ దిగుడుబావుల పునరుద్ధరణమునకు యునెస్కో పురస్కారము లభించినది. పురస్కారముకంటెను ప్రశంసనీయమైనది ఆ నీరు మరల తోఁటకు పాఱుట. ఆ యేఁడే బన్సీలాలుపేట బావియు చెత్త తొలఁగి దర్శనీయమైనది. సంతోషమే, కాని చూచువారుండినంతనే బావి బ్రదుకదు, తోడుకొనువారు నుండవలెను.

ఇఁకముందు ఉద్యానములనుగూర్చి వ్రాయువారు బావినుండి యారంభించుట న్యాయ్యము.